నీళ్లకు నిధులొచ్చాయి... ఎన్నాళ్లకు?

బ్యాలెట్ పేపర్ ఎంతుంటుంది? మహా అయితే చేటంత. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతికి మాత్రం ఏకంగా ఓ పుస్తకమే వచ్చింది. అందులో 480 మంది అభ్యర్థులు! వారిలో చాలామంది గెలవడానికి నిలబడలేదు. 'మా ఊళ్లకు తాగేందుకు మంచినీళ్లివ్వండి' అని దేశాన్ని అడగడానికి నిలబడ్డారు.

ఆత్మకూర్ పేరు పక్కన బ్రాకెట్లో కనిపించే 'ఎస్' అంటే సూర్యాపేట. 2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ మండలమూ నల్లగొండ జిల్లాదే. ఆ జిల్లా పేరు చెబితే దేశానికి ముందుగా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఇక్కడి నల్లరాతి పొరల్లోనే ఆ విషం ఉంది. వానలు తగ్గి బోరు లోతుకు దిగేకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీటిలో ఎక్కువగా కలుస్తుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పేనంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ముందు పళ్లు గారపడతాయి. తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి. ఆపైన ఎముకలు వంకరపోతాయి. వంగిన నడుమును నిలబెట్టే మందు లేదు. పడమటి మండలాలైన మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ఎక్కువగా నలిగిపోయాయి.

ఎవరికి ఏ నీళ్లు?

కృష్ణా నది ఈ జిల్లాను ఒరుసుకుంటూనే పారుతుంది. నాగార్జునసాగర్ ఉన్నదీ ఇక్కడే. 2004లో కృష్ణా నీళ్లు హైదరాబాద్ కుళాయిలకు చేరాయి. ఆ నీళ్లు జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచే వెళ్లాయి. మరి హైదరాబాద్ తిరిగిచ్చిందేమిటి? మూసీలో కలిసిన మురుగు. సూర్యాపేట పట్టణం ఏళ్ల తరబడి తాగింది ఆ మూసీ నీళ్లే. మంచినీళ్లు పైకి, మురుగు కిందికి! పర్యావరణ న్యాయమనే పెద్ద మాటకు ఇంతకన్నా తేలికైన వివరణ ఉండదు. రాతిలో ఫ్లోరైడ్ ఉండటం ప్రకృతి చేసిన పని. పక్కన నది పారుతున్నా ఆ బోరు నీళ్లే తాగాల్సి రావడం మాత్రం మనుషులు చేసిన పని.

విషయం ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. నిజాం కాలంలోనే, 1945లో వైద్య పత్రికకెక్కింది. నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలిచింది. అయితే నీటిని బట్టి మోతాదు మార్చాలి, అడుగున చేరే మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. యంత్రానికి డబ్బిస్తే సరిపోదు, రోజూ చూసుకునే మనిషికీ జీతం ఉండాలి. ఊళ్లలో ఈ పద్ధతి నిలబడకపోవడానికి ఓ కారణం అదే.

రూ.500 డిపాజిట్‌తో...

బ్యాంకు ఉద్యోగం వదిలేసి నీళ్ల కోసం తిరిగిన మనిషి దుశ్చర్ల సత్యనారాయణ. ఇదే సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురం ఆయన ఊరు. సొంత భూమిలో అడవి పెంచిన మనిషిగానూ చాలామందికి తెలుసు. ఆయన నడిపిన జలసాధన సమితే 1996లో ఊరూరా నామినేషన్లు వేయించింది. అప్పట్లో డిపాజిట్ రూ.500. అంతమంది పేర్లు అచ్చువేయలేక ఎన్నికే వాయిదా పడింది. చివరికి సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఢిల్లీ వెంటనే కదిలింది... నీళ్లివ్వడానికి కాదు, అదే ఏడాది డిపాజిట్‌ను రూ.10 వేలకు పెంచడానికి!

పోరాటం ఆగలేదు. 2003లో మర్రిగూడ మండలం శివన్నగూడెం పిల్లాడు అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ఎదుట ఉంచారు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో చెప్పడానికి ఆ వంగిన ఒళ్లు చాలు. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు.

కాగితాల్లో కోట్లు

మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ పడింది. దానికి రూ.19,205 కోట్ల గ్రాంటు ఇవ్వాలని నీతి ఆయోగ్ సిఫారసు చేసింది. ఆ సొమ్ము రాలేదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పలుమార్లు చెప్పింది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పీడిత ఆవాసాల కోసం కేంద్రం 2017 మార్చిలో రూ.25 వేల కోట్ల అంచనాతో ప్రత్యేక పథకం ప్రకటించింది. 2019లో వచ్చిన జల్‌జీవన్ మిషన్ రాష్ట్రాలకు నిధులు పంచేటప్పుడు కలుషిత నీటి ప్రాంతాల జనాభాకు 10 శాతం వెయిటేజీ ఇచ్చింది. తెలంగాణలో ఒకప్పుడు 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాల లెక్క 2020 నాటికి సున్నా అయిందని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. నదీ జలాలు ఇంటికి చేరడం వల్లే ఇది సాధ్యమైంది. నిజంగా పెద్ద విజయం.

కానీ సున్నా అన్నది నీటి లెక్క, మనుషుల లెక్క కాదు. మంచినీళ్లు రాకముందే వంగిన ఒళ్లు అలాగే ఉన్నాయి. భూమిలో ఫ్లోరైడూ అలాగే ఉంది. పైపు పగిలినా, మోటారు కాలినా మళ్లీ బోరే దిక్కు. పేదల పర్యావరణ గ్రాంట్లు ఎంత నిలకడో చెప్పడానికి అమెరికాయే ఉదాహరణ. కాలుష్యం బారిన పడ్డ పేద బస్తీల కోసం 2022లో దాదాపు 300 కోట్ల డాలర్లు కేటాయించారు. 2025లో ప్రభుత్వం మారగానే వాటిలో చాలా గ్రాంట్లు రద్దయ్యాయి. ఇచ్చే చెయ్యి ఎప్పుడు వెనక్కి పోతుందో ఎవరికి తెలుసు?

అడిగితేనే...

అందుకే లెక్క అడగడం ఊరి నుంచే మొదలవ్వాలి. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించింది. ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పించాలని జల్‌జీవన్ మిషన్ నిబంధన పెట్టింది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరు? చివరిసారి బోరు నీళ్లు ఎప్పుడు పరీక్షించారు? ఆ కాగితం పంచాయతీ గోడ మీద ఉందా? ఆత్మకూర్ (ఎస్)లోనైనా, మర్రిగూడలోనైనా గ్రామసభలో లేచి ఈ మూడు ప్రశ్నలు అడగడానికి డిపాజిట్ కట్టనక్కర్లేదు.

1996లో అడగడానికి 480 పేర్ల పుస్తకం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఓ గొంతు చాలు. కాకపోతే, అది ప్రతి గ్రామసభలోనూ వినపడాలి.