అందాజాకు లొంగదు టర్బో!

ఇంట్లో ఓ పాత కారు. చేతిలో కాస్త పనితనం. ఆదివారం సెలవు. ఇంకేం... 'మన బండికీ ఓ టర్బో పెడితే?' అన్న ఆలోచన రావడానికి అంతకన్నా ఏం కావాలి! కార్లంటే పిచ్చి ఉన్న కుర్రాళ్లున్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే. కానీ, కంపెనీ పెట్టని టర్బోను మనం పెట్టుకోవాలంటే దుకాణంలో దొరికే సామానుతో పని జరగదు. గొట్టాలు కోయాలి. ఫ్లాంజీలు తీయించాలి. అతుకులు వేయాలి. సికింద్రాబాద్ షెడ్లలో సగం పనులు 'అందాజా'గా నడిచిపోతాయి. ఈ ఒక్క పని మాత్రం నడవదు. ఎందుకో చూద్దాం.

పొగలోంచి బలం

ఇంజినులో మండిన పెట్రోలు శక్తిలో దాదాపు మూడోవంతు వేడి పొగ రూపంలో సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ వృథాను పట్టుకుని పనికి పెట్టడమే టర్బో. ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. ఒకదాన్ని పొగ తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే రెండోది బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజినులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ పోయొచ్చు. అప్పుడు అదే ఇంజిను మరింత బలం ఇస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో ఈ పద్ధతిని జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లకు అమరిస్తే, 1750 హార్స్‌పవర్ ఇచ్చేవి 2500 ఇచ్చాయి. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు ఓ విమానం ఇంజిన్ని ఏకంగా 14 వేల అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండెక్కించాడు. నేలమీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిను, కొండమీది పల్చటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది!

సికింద్రాబాద్ వాళ్లకైతే టర్బో ఎప్పుడో పరిచయం. స్టేషన్లో డీజిల్ రైలింజిను కదిలేటప్పుడు గుడగుడలతోపాటు సన్నటి ఈల ఒకటి వినిపించేది... గుర్తుందా? 1962లో అమెరికా నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు పదహారు సిలిండర్లతో 2600 హార్స్‌పవర్ ఇచ్చేవి. అందులో టర్బోదీ పెద్ద వాటానే. మన మౌలాలి లోకో షెడ్డులో డీజిల్ ఇంజిన్లతో కుస్తీ పట్టినవాళ్లను అడిగితే, ఆ ఈల తేడాను బట్టే జబ్బు చెప్పగలరు.

చిన్న ఇంజిను... పెద్ద ఆశ

కుర్రకారు మోజుకు కారణం లేకపోలేదు. మారుతి 800నే తీసుకోండి. 1983 నుంచి 2014 దాకా ఉత్పత్తి అయిన ఆ కారు ఇంజిను 796 సీసీ. ఇచ్చేది సుమారు 37 హార్స్‌పవర్. అదే సుజుకీ కంపెనీ 1987లో జపాన్‌లో తెచ్చిన ఆల్టో వర్క్స్‌కు అంతకన్నా చిన్న ఇంజినే. అయినా టర్బో పుణ్యమా అని 64 హార్స్‌పవర్ ఇచ్చింది. 2019లో మన దేశంలోకి వచ్చిన హ్యుందాయ్ వెన్యూ టర్బో ఇంజిను వెయ్యి సీసీకి రెండు తక్కువ. బలం మాత్రం దగ్గర దగ్గర 120.

'మరి మన పాత బండికి పెడితే?' అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే. అయితే ఒకటి మర్చిపోకూడదు. కంపెనీ కార్లలో పిస్టన్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా అన్నీ టర్బో కోసమే లెక్కకట్టి చేసినవి. పాత కారులో ఏదీ అలా చేసింది కాదు. ఆ లెక్కలన్నీ కట్టుకునేవాడే వేసుకోవాలి.

కొనేదేంటి... చేసుకునేదేంటి?

టర్బోను ఎవరూ ఇంట్లో తయారుచేసుకోలేరు. దాని చక్రం నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను తిరిగేది మూడొందల పైచిలుకే! పైగా పెట్రోలు ఇంజిను పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో ఆ వేగాన్ని తట్టుకునేవి నికెల్ కలిసిన ప్రత్యేక లోహాలే. 1973లో మొదలైన కంచన్‌బాగ్ మిధానిలాంటి సంస్థలు అలాంటి జాతి లోహాలను విమానాలకూ రాకెట్లకూ తయారుచేస్తాయి. కాబట్టి టర్బోను కొనుక్కోవాల్సిందే.

చేసుకోవాల్సింది దాని చుట్టూ ఉండేవి. ఇంజిను నుంచి పొగను టర్బోకి చేర్చే మానిఫోల్డ్, అక్కణ్నుంచి సైలెన్సర్‌కు వెళ్లే గొట్టం, గాలి గొట్టాలు, ఆయిల్ పైపులు, టర్బో బరువును మోసే బ్రాకెట్లు. వీటికి కావాల్సిన బెండు పైపులు, ప్లేట్లు, స్టడ్లు, నట్లు వెతకాలంటే రాణిగంజ్ సందుల్లో తిరగాల్సిందే. యంత్ర సామగ్రికీ హార్డ్‌వేర్‌కూ పెట్టింది పేరు కదా! పైపు ముక్క దొరకడం కష్టం కాదు. దాన్ని సరిగ్గా అతకడమే కష్టం.

అసలు పరీక్ష అతుకు దగ్గరే

మామూలు గేటుకో గ్రిల్లుకో కరెంటు వెల్డింగ్ వేస్తే చాలు. అతుకు అటూఇటూ అయినా, గ్రైండర్ పట్టి రంగు పూస్తే తెలీదు. మానిఫోల్డ్‌కు అది కుదరదు. కరెంటు వెల్డింగ్‌లో పైపు లోపలికి మట్టూ, చిన్నచిన్న లోహపు బొట్లూ చేరే అవకాశం ఎక్కువ. ఇంజిను వేడెక్కాక అందులో ఒక్క బొట్టు ఊడినా నేరుగా వెళ్లి లక్ష చుట్లు తిరుగుతున్న చక్రానికి తగులుతుంది. అంతే! రెక్క విరుగుతుంది. టర్బో అక్కడితో సరి.

అందుకే ఈ పనికి ఆర్గాన్ వెల్డింగ్ మేలు. ఇందులో మట్టు రాదు, నిప్పురవ్వలు చిందవు. స్టెయిన్‌లెస్ స్టీలైతే ఇంకో జాగ్రత్త. బయట అతుకుతున్నప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి ఉంచాలి. లేదంటే అతుకు లోపలివైపు గాలి తగిలి, నల్లగా చక్కెర పలుకుల్లా తేలుతుంది. పైకి ఇంద్రధనుస్సులా మెరిసే అతుకే లోపల గుల్లగా ఉంటుంది. వాడే కడ్డీ కూడా లోహాన్ని బట్టి మారాలి. 304 రకం స్టెయిన్‌లెస్‌కు 308 కడ్డీ. స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముకు అతకాలంటే 309.

తర్వాతది వంకర. ఇంజినుకు ఆనుకునే ఫ్లాంజి కనీసం 10 మిల్లీమీటర్ల మందం ఉన్నా సరే, వెల్డింగ్ వేడికి అరటాకులా వంగుతుంది. అందుకే పనితెలిసిన మేస్త్రీలు దాన్ని దళసరి ఇనప దిమ్మకో, పాత ఇంజిను హెడ్డుకో బోల్టులతో బిగించేస్తారు. ముందు అక్కడక్కడా ట్యాకులు వేసి, కొలత చూసుకుని, తర్వాత ఒకవైపే కాకుండా అటు కొంచెం ఇటు కొంచెం అతుకుతారు. పూర్తిగా చల్లారాకే విప్పుతారు. చివర్లో మిషన్ మీద పెట్టి ముఖం చదును చేయిస్తారు. ఈ చివరి ఖర్చుకు వెనకాడితే ప్యాకింగ్ మాటిమాటికీ కాలిపోతుంది.

వేడికి లోహం సాగుతుందని బళ్లో చదువుకున్నదే. ఎంత సాగుతుందో లెక్కేస్తే ఆశ్చర్యమేస్తుంది. అడుగు పొడవున్న స్టెయిన్‌లెస్ గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. మామూలు ఇనుము అంతకన్నా తక్కువే సాగుతుంది. ఇంజిను వేడెక్కిన ప్రతిసారీ పెరగడం, ఆపిన ప్రతిసారీ కుంచించుకుపోవడం. పైగా నాలుగైదు కిలోల టర్బో దానికే వేలాడుతుంటే అతుకు పక్కన పగులు రాకేం చేస్తుంది? అందుకే టర్బో బరువును బ్రాకెట్ మోయాలి. సాగడానికి దారి వదలాలి. తళతళలాడే సన్నటి స్టెయిన్‌లెస్ కన్నా, దళసరి ఇనప బెండ్లతో చేసిన మొరటు మానిఫోల్డే ఎక్కువ కాలం బతకడం మామూలే.

నూనె, చల్లదనం, పెట్రోలు

పొగ గొట్టాలు కుదిరినంత మాత్రాన పనైపోలేదు. టర్బో ఇరుసు తేలేది పల్చటి నూనె పొర మీదే. ఆ నూనె ఇంజిను నుంచి ఒత్తిడితో వచ్చి, తన బరువుతో తానే కిందికి జారి ఛాంబర్‌లో పడాలి. తిరిగొచ్చే పైపు సన్నమైనా, మధ్యలో వంపు తిరిగి పైకి లేచినా నూనె వెనక్కి తన్ని పొగలోకి చేరుతుంది. వెనక నీలం పొగ కనిపించగానే 'టర్బో పోయింది' అంటారు. నిజానికి తప్పు పైపుది! జోరుగా నడిపిన వెంటనే ఇంజిను ఆపేయడమూ మంచిది కాదు. ఓ నిమిషం అలా తిరగనిస్తే, వేడి ఇరుసులో నూనె మాడిపోకుండా ఉంటుంది.

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. 35 డిగ్రీల గాలిని అర బార్ ఒత్తిడికి నెడితే 90 డిగ్రీలు దాటిపోతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో చెప్పేదేముంది! అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ పెడతారు. దాని అల్యూమినియం గొట్టాల అతుకు మరో విద్య.

అన్నిటికన్నా ముఖ్యం పెట్రోలు పాళ్లు. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి లెక్క. టర్బో ఒత్తిడి మీద ఉన్నప్పుడు దాన్ని 12 పాళ్ల దగ్గరికి తేవాలి. గాలి పెంచి పెట్రోలు పెంచకపోతే మిశ్రమం వేళకు ముందే భగ్గుమని, పిస్టన్‌కు రంధ్రం పడడానికి క్షణాలు చాలు. నెలల శ్రమ ఒక్క చప్పుడుతో సరి.

ఇంట్లో పని... ఇంటిల్లిపాదికీ జాగ్రత్త

పెద్దలు పట్టించుకోవాల్సింది ఇది. వెల్డింగ్ వెలుగును వట్టి కళ్లతో చూస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. జింకు పూత ఉన్న నీళ్ల పైపును అతికితే వచ్చే తెల్లటి పొగ జ్వరం తెప్పిస్తుంది. బ్రేకు క్లీనర్లలో క్లోరిన్ ఉన్న రకాలతో తుడిచిన లోహాన్ని ఆరకముందే అతికితే విషవాయువు పుడుతుంది. ఆర్గాన్‌కు వాసన ఉండదు. తలుపులు మూసిన గదిలో అది నిండితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. కారు మీదే అతకాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగ విప్పాలి. పెట్రోలు ట్యాంకు 'ఖాళీ'గా ఉన్నా సరే, దానికి వెల్డింగ్ జోలికి పోవద్దు. లోపల మిగిలిన ఆవిరే బాంబు.

చట్టం ఏమంటుంది?

ఇంతా చేసి బండిని రోడ్డెక్కిస్తే? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5 వేల రూపాయల జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కే. చట్టం సంగతి అలా ఉంచినా, 37 హార్స్‌పవర్‌కు సరిపోయే బ్రేకులు, టైర్లతో అరవై హార్స్‌పవర్ బండిని ట్యాంక్‌బండ్ మీద నడిపితే ముప్పు ఎదుటివాళ్లకు కూడా.

మరి సరదా తీరేదెలా?

దారులున్నాయి. ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు తామే కారు కట్టి, ట్రాక్ మీద నడుపుతారు. అక్కడ 710 సీసీ లోపు ఇంజినుకు టర్బో పెట్టుకోవచ్చు. గాలి మాత్రం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలన్నది షరతు. బలాన్ని కొలిచి వాడటం నేర్పే నిబంధన అది.

చేత్తో బండ్లు కట్టడంలో జంటనగరాలకు పేరూ ఉంది. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ, బర్గర్, క్రికెట్ బంతి ఆకారాల్లో ఉన్న కార్లు చూసేందుకు జనం టికెట్టు కొని వెళ్తారు. వాటిని కట్టిన కె. సుధాకర్ చదువుకునే రోజుల్లోనే పాత సామాన్లతో మొదలుపెట్టారు. 2005లో 41 అడుగుల ఏడంగుళాల ఎత్తైన మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌కెక్కారు.

ఇక వెల్డింగ్ నేర్చుకోవాలనుకుంటే ఐటీఐల్లో ఏడాది కోర్సుంది. ఆదివారాలు షెడ్డులో గడిపే కుర్రాడికి ముందుగా కొనివ్వాల్సింది టర్బో కాదు... మంచి కంటి కవచం, ఓ వెర్నియర్ కాలిపర్, కోసి అతకడానికి నాలుగు పైపు ముక్కలు. అతికిన ముక్కను రంపంతో నిలువునా చీరి లోపల చూసుకుంటే పనితనం ఎంతో తనకే తెలుస్తుంది. లోపలా బయటా ఒకేలా ఉన్న అతుకు వేయగలిగిన రోజున ఆ చేతికి టర్బో ఒక్కటే కాదు, ఏ కార్ఖానాలోనైనా పని దొరుకుతుంది!