చిల్లు ముందు, పెన్ను తర్వాత

కర్రతో పెన్ను చేద్దామని కూర్చున్నవాడు మొదట కర్రను నున్నగా, గుండ్రంగా చెక్కుతాడు. ఆ తర్వాత నడుమ చిల్లు వేయబోతాడు. నేనూ అదే చేశాను. డ్రిల్ బిట్టు సగం దాకా బుద్ధిగా వెళ్లి, గట్టి చార ఒకటి తగలగానే పక్కకు ఒరిగి, అంత ముచ్చటగా చెక్కిన ఒంటిని చీల్చుకుని బయటికొచ్చింది. మూడు మిల్లీమీటర్ల బిట్టు అంత లోతుకు పోతే పుల్లలా వంగుతుంది, కర్రలో మెత్తదనం ఎటుంటే అటు నడుస్తుంది. పనితనం తెలిసినవాళ్లు తిరగేసి చేస్తారు. చదరపు ముక్కకు ముందు చిల్లు వేస్తారు. అది కాస్త ఏటవాలుగా పోయినా దిగులు లేదు, ఆ చిల్లునే ఇరుసు చేసుకుని చుట్టూ ఉన్న కర్రను లేత్ మీద తరుగుతారు.

ఇంత పాట్లు పడి చేసేది చొక్కా మాత్రమే. రాసేది లోపలి గుండు. మిల్లీమీటరు కూడా ఉండని ఆ గుండూ, అది జారిపడకుండా అంచు లోపలికి మడిచిన ఇత్తడి గూడూ ఇంట్లో చేసేవి కావు. వాటి మధ్య సందు కొద్ది మైక్రాన్లే. ఎక్కువైతే ఇంకు కారుతుంది, తక్కువైతే గుండు తిరగదు.

ఆ సందు కుదరడానికి దశాబ్దాలే పట్టింది. 1888లో అమెరికాలో జాన్ లౌడ్ గుండు పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. మామూలు పాళీ నడవని గరుకు తలాల మీద, అంటే కర్ర మీద, ముతక కాగితం మీద గుర్తులు పెట్టడానికి. ఉత్తరాలు రాయడానికి మాత్రం అది పనికిరాలేదు. హంగరీ పాత్రికేయుడు లాస్లో బీరో దృష్టి గుండు మీద కంటే ఇంకు మీద పడింది. పత్రికలు అచ్చేసే ఇంకు ఇట్టే ఆరిపోతుంది, కానీ చిక్కన, పాళీలోంచి దిగదు. రసాయనాలు తెలిసిన సోదరుడు గ్యోర్గీతో కలిసి అలాంటి చిక్కటి ఇంకు తయారుచేసి, దాన్ని కాగితం మీదికి మోసుకొచ్చే పని గుండుకు అప్పగించాడు. 1938లో బ్రిటిష్ పేటెంటు, వలసపోయాక 1943లో అర్జెంటీనాలో మరొకటి. అర్జెంటీనా ఇప్పటికీ ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 29ని ఆవిష్కర్తల దినంగా జరుపుకుంటుంది.

1945లో న్యూయార్క్ దుకాణంలో పన్నెండున్నర డాలర్లకు అమ్మిన వస్తువును 1950లో ఫ్రాన్సులో మార్సెల్ బిక్ చవక సరుకు చేశాడు. ఆయన తెచ్చిన ఆ ఒక్క నమూనాలోనే 2006 నాటికి పదివేల కోట్ల పెన్నులు అమ్ముడయ్యాయి. మన బళ్లలో తిరిగిన రేనాల్డ్స్ 045 మీద ‘ఫైన్ కార్బ్యూర్’ అని ఉండేది గుర్తుందా? అదేదో ఇంటిపేరు అనుకునేవాళ్లం. ఫ్రెంచిలో కార్బైడు అని అర్థం. గుండు టంగ్‌స్టన్ కార్బైడుదని చెప్పడమే.

ఇంకు అయిపోయిందని పెన్ను పారేసేనాటికి స్ప్రింగు అరగదు, మర అరగదు, నొక్కుడు మీట టిక్కుమంటూనే ఉంటుంది. ఆ మీట కింద పళ్లున్న చిన్న చక్రం ఒకటుంది. నొక్కినప్పుడల్లా అది ఏటవాలు పళ్ల మీద జారి కాస్త తిరుగుతుంది. ఒకసారి గట్టు మీద ఆగుతుంది, మరోసారి గాడిలోకి దిగుతుంది. ముక్కు బయటికి రావడం, లోపలికి పోవడం అంతే. దీన్ని కర్రలో చెక్కడం మూర్ఖత్వం. పాత పెన్ను గొట్టంలో మర ఉన్న కొస రెండు సెంటీమీటర్లు, మీట ఉన్న కొస మరికొంత రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, అరాల్డైట్‌తో కర్ర రెండు చివర్లా అతికిస్తే సరి. కొన్ని ప్లాస్టిక్కులకు ఏ జిగురూ పట్టదు. పాలీప్రొపిలీన్ అలాంటిదే. ముందు చిన్న ముక్క మీద పరీక్షించుకోవాలి. రీఫిల్లు పొడవుకు కొలత పాత పెన్నే. కాస్త తేడా వచ్చినా మీట సరిగా పనిచేయకపోవచ్చు.

కర్ర బాగా ఆరాలి. ఆరేటప్పుడు అది నిలువునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. పచ్చి కర్రలో ప్లాస్టిక్ గొట్టం బిగిస్తే ఎండాకాలానికి పగులు ఖాయం. నాకు నచ్చింది ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర. తెల్లగా, సన్నటి పోగుతో, ఉలికి ఎదురుచెప్పదు. అక్కడి పద్ధతిలోనే తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికే కరిగి పూతవుతుంది. వేరే వార్నిష్ అక్కర్లేదు. వెనుక గాలి ఆడే సందు మాత్రం మూసేయకూడదు. ఇంకు దిగిన మేరకు రీఫిల్లులోకి గాలి రావాలి కదా.

నా రెండో పెన్ను కొంచెం లావైంది, బరువంతా ముందుకే. అయినా రాస్తోంది. మూడోదాని కోసం కోసిన చదరపు ముక్క మీద చిల్లు ఎక్కడ పడాలో దీంతోనే చుక్క పెట్టాను.