ఆయన పేరు నేనెట్టా చెప్పేది?

ఆడవాళ్ల ఓటు చరిత్రను నడిచి చూసి రమ్మని పంపారు. దర్శి వీధుల్లో దొరకనిది ఓటర్ల జాబితాలో దొరికింది.

“లండన్‌లో ఆడవాళ్ల ఓటు పోరాటం మీద నడక యాత్రలున్నాయట. గైడు ముందు నడుస్తూ చెబుతుంటే జనం వెనకాల వింటూ వెళ్తారట. మన దగ్గర అలాంటిదొకటి నడిచి రాయండి” అన్నారు ఎడిటర్‌గారు. ఊరు కూడా ఆయనే చెప్పారు: దర్శి. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి.

దర్శే ఎందుకని అడగలేదు. 2024 మే 13 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎక్కువ పోలింగు జరిగిన అసెంబ్లీ నియోజకవర్గం అదే: 90.91 శాతం. అందరికంటే వెనకబడిన తిరుపతిలో 63.32. ఆ రోజు రాష్ట్రం మొత్తం మీద మీట నొక్కిన ఆడవాళ్లు దాదాపు 1.69 కోట్లు, మగవాళ్లు 1.64 కోట్లు.

నిజం చెప్పాలంటే ఈ నడకల మీద నాకు గురి తక్కువ. శిలాఫలకం ముందు ఫొటో దిగి, టీ తాగి వచ్చేస్తాం. గడియారస్తంభం సెంటర్లో బస్సు దిగాక ఆ బాధ కూడా లేదని తెలిసింది. ఫొటో దిగడానికి ఫలకమే కనపడలేదు. పొదిలి, అద్దంకి, కురిచేడు అంటూ ఆటోవాళ్ల కేకలు, నాయకుల ఫ్లెక్సీలు, పురుగుమందుల కొట్లు. ఆడవాళ్ల ఓటు గురించి చెప్పే రాయి ఒక్కటీ లేదు. ఓటర్ల జాబితా ప్రింటు తీయించుకుని, ఒక బడి వైపు నడిచాను. ఎన్నికలప్పుడు ఆ బడే పోలింగ్ కేంద్రం.

గైడు దొరికింది

దారిలో ఒక ఇంటి వసారాలో డెబ్బై దాటిన పెద్దావిడ మిరపకాయలకు తొడాలు తీస్తోంది. ఒక పక్క మంచి కాయ, ఇంకో పక్క తాలుకాయ. ఘాటుకి నాకు రెండు తుమ్ములొచ్చాయి. ఆవిడ నవ్వి పీట జరిపింది. చేతిలో కాగితాలు చూసి, “ఓట్ల లిస్టా? నా పేరుందేమో చూడమ్మాయ్” అంది.

పేరు చెప్పింది. ఆ పేరుతో నలుగురున్నారు. మీ ఆయన పేరేంటి పెద్దమ్మా అని అడిగాను.

“ఆయన పేరు నేనెట్టా చెప్పేది?”

“మరి తెలిసేదెట్లా?”

“ఏడుకొండల మీద ఉంటాడు చూడూ, ఆ సామి పేరే.”

ఒక పేరు చెప్పాను. కాదంది. ఇంకోటి చెప్పాను. అవునని తల ఊపింది. ఆ మనిషి పోయి పన్నెండేళ్లయిందట. పేరు ఆవిడ నోట ఇప్పటికీ రాదు, జాబితాలో మాత్రం ఆవిడ పేరు కింద నిక్షేపంగా ఉంది.

ప్రతి ఎన్నికకూ వేస్తారా అని అడిగాను. “మానితే ఎట్టా? ఓటెయ్యకపోతే చచ్చిపోయారని పేరు కొట్టేస్తారంట.” తొంభై శాతం పోలింగుకు విశ్లేషకులు చెప్పే కారణాలు చాలా చదివాను. ఈ మాట ఎక్కడా చదవలేదు.

గడిలో ఏముంటుంది

జాబితాలో పుటకు ముప్పై గళ్లు. ఒక్కో గడిలో ఓటరు పేరు, గుర్తింపు కార్డు సంఖ్య, ఇంటి నంబరు, వయసు, ఆడా మగా అన్నది. పేరు కింద ఇంకో పేరు. మగవాడైతే ఎక్కువగా తండ్రిది. పెళ్లికాని పిల్లయితే తండ్రిది, పెళ్లయితే భర్తది. పేరు తీసేస్తే గడి మీద అడ్డంగా ముద్ర పడుతుంది. ఇరవై పుటలు తిరగేశాను. భార్య పేరు కింద పెట్టుకున్న మగవాడు ఒక్కడూ లేడు.

ఈ గడికి పాత కథ ఒకటుంది. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలకు (1951-52) జాబితాలు రాస్తున్నప్పుడు ఇళ్లకు వెళ్లిన గుమస్తాలకు చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అనే రాయించారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు. గడువు పెంచి మళ్లీ అడిగించారు. అయినా చెప్పనివాళ్లను తీసేశారు. దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో అలా పోయినవాళ్లు సుమారు 28 లక్షలు. ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లవాళ్లు.

అక్కడ వాళ్లు తమ పేరు చెప్పలేదు. ఇక్కడ మా పెద్దమ్మ తన పేరు ఠక్కున చెబుతుంది, ఆయన పేరే చెప్పదు. సేన్ పట్టుబట్టింది సబబే అని నా అభిప్రాయం. కాకపోతే ఆడదాని పేరు రాయించిన ఆ జాబితా, పక్కన మగవాడి పేరు ఉండాలన్న అలవాటును మాత్రం వదల్లేదు.

నాకూ తగిలిందది. పెళ్లయిన మరుసటేడు పుట్టింటి ఊళ్లో నా పేరు కొట్టేశారు, అత్తగారి ఊళ్లో ఎక్కించలేదు. ఆ ఎన్నికలో వేలికి సిరా లేకుండా ఇంట్లో కూర్చున్నాను.

చరిత్ర గబగబా

1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగింది. 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి మగవాళ్లతో సమానంగా ఓటిచ్చింది. అయితే ఆస్తి, పన్ను ఉన్నవాళ్లకే. దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీ కింద ఉండేది. పట్టాలు మగవాళ్ల పేర ఉన్న చోట ఆ సమానత్వం ఎందరికి అందుతుంది? 1935 చట్టం చదువొచ్చిన ఆడవాళ్లకూ, ఆస్తిపరుల భార్యలకూ ఓటిచ్చింది. అంటే ‘ఫలానావాడి భార్య’ అన్నది కూడా ఒక అర్హత అయింది. రాజ్యాంగం 326వ అధికరణం ఆ షరతులన్నీ తీసేసింది.

బాక్సు: ఓటు చర్చల కాలంలో ఒక ఆడవాళ్ల పత్రిక
ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో పుట్టిన వైద్యుడు కె.ఎన్.కేసరి 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ పత్రిక తెచ్చారు. బాపట్ల రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ అందులో ‘శారద లేఖలు’ రాశారు. స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టు ఆడవాళ్ల సమస్యలు చర్చించారు. ఆ పత్రిక ఇచ్చే స్వర్ణకంకణం 1934లో మొదట అందుకున్నది ఆవిడే.

బాక్సు: లండన్ నడకలో ఒక అర
1911 జనాభా లెక్కల రాత్రి ఎమిలీ డేవిసన్ అనే పోరాటకారిణి పార్లమెంటు భవనంలో ఒక చిన్న అరలో దాక్కుంది. ఆ రాత్రి తన చిరునామా ‘పార్లమెంటు’ అని రాయించాలని. గొడవ అక్కడా జాబితా గురించే.

తిరుగు ప్రయాణం

దర్శిలో ఆడవాళ్లు ఓటెయ్యడానికి బరిలో ఆడవాళ్లూ ఉంటున్నారు. 2024లో గొట్టిపాటి లక్ష్మి అనే డాక్టరు 2,456 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2009 నుంచి నాలుగుసార్లూ ఇక్కడ గెలిచింది మగవాళ్లే. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చే చట్టాన్ని 2023లో పార్లమెంటు ఆమోదించింది.

బస్సెక్కే ముందు మళ్లీ వసారా దగ్గరికి వెళ్లాను. నాలుగు గళ్లలో ఆవిడ గడి చూపించి, పేరుంది పెద్దమ్మా అన్నాను. కారం అంటిన వేలు కాగితానికి తగలకుండా పైపైన ఆనించి, “ఇదేనా నేను?” అంది.

ఎడిటర్‌గారూ, మీరడిగిన నడక ఇదే. ఫలకాలు లేవు, ఒక గడి ఉంది. పాఠకులకు ఒక్క మాట. కొత్తగా ఓటు నమోదుకు ఇచ్చే ఫారం 6లో బంధువు పేరు దగ్గర తండ్రి, భర్తలతో పాటు తల్లి, భార్య అని కూడా ఉంది. ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలను లెక్కలోకి తీసుకుని పద్దెనిమిది నిండినవాళ్లను చేరుస్తారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ ఫారం నింపుతుంటే, తల్లి పేరు రాయించండి.