గుంటగలగర – గడ్డిచామంతి

ఏలూరు కాలువ గట్టున, తాడేపల్లిగూడెం పెరళ్లలో, కొల్లేటి లంకల వరిచేల గట్లపై తెల్లని చిన్న పూలతో పెరుగు కలుపుమొక్క ఒకటి కలదు. తెలుగున గుంటగలగర, సంస్కృతమున భృంగరాజము, ఉర్దూలో భాంగ్రా అని దాని పేర్లు. శాస్త్రనామము ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. తలనూనె కాచుటకు మన ఇండ్లలో దీనిని వెదకుదురు. కాని పలుమారు ఇంటికి వచ్చునది గడ్డిచామంతి!

రెండును చామంతి కుటుంబమునకు చెందినవే. గడ్డిచామంతి అమెరికా ఉష్ణదేశముల నుండి వచ్చినది. జానెడు కాడపై ఒక్కొక్క పువ్వు. నడుమ పసుపు, చుట్టును కొనలు చీలిన తెల్లరేకులు అయిదారు. దాని గింజలు దూదిపింజలవలె గాలికి ఎగురును. పల్లెలలో గాయములకు దాని ఆకురసము పెట్టుదురు. అది వేరు సంగతి. గుంటగలగర పువ్వు సెంటీమీటరు కన్న చిన్నది, నడుమ కూడ తెల్లనే. ఆకు సన్నగా కోలగా ఉండును. గింజకు దూది లేదు. ఇంకను సందేహమైనచో లేతకాడను నలిపి చూడవలెను. కొంతసేపటికి రసము నల్లబడినచో అది గుంటగలగరయే. మా దృష్టిలో ఇంతకన్న సులువైన పరీక్ష లేదు.

కొల్లేటికి పోవు మురుగుకాలువల గట్లపై ఇది ఏపుగా పెరుగును. అచ్చటి మొక్కను మాత్రము వాడరాదని మేము గట్టిగా చెప్పెదము; ఊళ్ల మురుగు, చేపలచెరువుల నీరు వాటిలోనే కలియుచున్నవి. ఇంట పెంచుట కష్టము కాదు. ముదిరిన గింజలను తడిమట్టిపై చల్లి, మన్ను కప్పక విడువవలెను. మొలకకు వెలుతురు కావలయును. కణుపులున్న కాడను గ్రుచ్చినను వేళ్లూనును. తొట్టిలో తేమ ఆరకుండిన చాలును.