ముందు తుపాను లెక్క తేలాలి

1995లో స్కాట్లండ్ ఉత్తర తీరాన ఓస్ప్రే అనే కెరటాల విద్యుత్ యంత్రాన్ని ఇంకా బిగిస్తూ ఉండగానే సముద్రం మింగేసింది. ఆ తర్వాత పెలామిస్ అనే మరో యంత్రం వంతు. 2008లో పోర్చుగల్‌లోని అగుసదోరా దగ్గర మూడు పెలామిస్ యంత్రాలు 2.25 మెగావాట్ల సామర్థ్యంతో తేలాయి. కొన్ని నెలలకే బేరింగుల లోపాలతో ఒడ్డుకు చేరాయి. పెట్టుబడి పెట్టినవాళ్ల డబ్బు చిక్కులు దానికి తోడు. 2014లో కంపెనీయే చేతులెత్తేసింది.

చిక్కంతా ఒక లెక్కలో ఉంది. కెరటం ఎత్తు రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. రెండు మీటర్ల కెరటాలకు తయారైన యంత్రం మీదికి పది మీటర్లది వస్తే పాతిక రెట్లు. రాబడి మామూలు కెరటాలదే, ఖర్చు మాత్రం ఎప్పుడో వచ్చే రాకాసి కెరటానిది.

అందుకే ఇప్పుడు యంత్రం ముందు కంప్యూటర్‌లో మునిగి తేలుతుంది. ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పుట్టిన నెమో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ యంత్రం ఒంటిని చిన్న చిన్న పలకలుగా విడగొడుతుంది. ఏ కెరటం ఎంత బలంతో తోస్తుంది, యంత్రం కదిలితే తిరిగి ఎంత కెరటం పుడుతుంది అన్నది తేలుస్తుంది. ఈ రెండో లెక్కే కీలకం. తాను కెరటం పుట్టించలేని యంత్రం కెరటాన్ని పట్టుకోనూ లేదు! ఆ అంకెలను తీసుకుని అమెరికా ప్రయోగశాలల్లో తయారైన వెక్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ లంగరు తాళ్లను, జనరేటర్‌ను జతచేసి క్షణక్షణం కదలికను లెక్కిస్తుంది.

అయితే ఈ పద్ధతి చిన్న కెరటాలనే నమ్ముకుంది. విరిగిపడే కెరటం దగ్గర దాని మాట చెల్లదు. అక్కడ నీటి ప్రవాహాన్నే గణించాలి. కొన్ని సెకన్ల సముద్రానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి.

ఆ పైన నమూనాకు నీళ్ల తొట్టెలో పరీక్ష. ఎడిన్‌బరోలో 25 మీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టె చుట్టూ 168 తెడ్లు ఏ దిక్కు నుంచైనా కెరటాలు లేపుతాయి. పాతికో వంతు సైజు నమూనా ఒక్క వాట్ ఇస్తే, అసలు యంత్రానికి లెక్క ప్రకారం 78 కిలోవాట్లు. నమూనా ఇరుసులో కాస్త రాపిడి ఉన్నా అంచనా తలకిందులే.

2023 నవంబరులో అదే అగుసదోరాలో స్వీడన్‌కు చెందిన కోర్‌పవర్ కంపెనీ బోయా (తేలే యంత్రం) 18.5 మీటర్ల కెరటాలను తట్టుకుంది. మామూలు రోజుల్లో కెరటంతో లయ కలిపి ఎగిరేలా, తుపానులో ఆ లయ తప్పించి కెరటాన్ని తప్పుకుపోనిచ్చేలా దాన్ని రూపొందించారు.

మనదేశంలో 1991లోనే కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాస్ 150 కిలోవాట్ల కెరటాల విద్యుత్ ప్లాంటు నడిపింది. బంగాళాఖాతం తీరును మాత్రం 2014లో హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖకు చెప్పనక్కర్లేదు. నెమో డౌన్‌లోడ్‌కు పైసా ఖర్చు లేదు. ప్రాజెక్టు కోసం వెతుక్కునే మన ఇంజినీరింగ్ విద్యార్థులు దాన్ని తెరిచి చూడాలి. మామూలు రోజుల లెక్కతో ఆగిపోకుండా, తుపాను లెక్కకూ సిద్ధపడాలి.