లోమనసు చేసే పని

పిల్లలూ! తెలిసినవారి పేరొకటి ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు. పోనీలే అని వదిలేసి చెంబుతో నీళ్లు తాగుతూంటే, ఆ పేరు తనంత తానే నాలుక మీదికి వస్తుంది. ఇది మీ అందరికీ అనుభవమే. మీరు నీళ్లు తాగుతున్నప్పుడు దాన్ని వెతికిందెవరు?

మనకు తెలిసి ఆలోచించే మనసు ఒకటి. మనకు తెలియకుండా పనిచేసేది మరొకటి. ఈ రెండవదాన్ని ఉపచేతన అంటారు. మనం లోమనసు అనుకుందాం. కథలూ, పద్యాలూ రాసేవారికి ఇది చేసే సాయం ఇంతా అంతా కాదు.

మా కడప జిల్లాకు ఈ సంగతి కొత్తది కాదు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధానిగారూ, ఆ తాలూకావారే అయిన గడియారం వేంకటశేషశాస్త్రిగారూ ప్రొద్దుటూరులో ఉంటూ జంటగా అవధానాలు చేశారు. అష్టావధానం ఎలా సాగుతుందో తెలుసా? ఎనిమిదిమంది చుట్టూ కూర్చుని తలా ఒక చిక్కు పెడతారు. పద్యం అడిగినవారికి అవధాని ఒక్క పాదమే చెప్పి పక్కవారి దగ్గరికి పోవాలి. అక్కడా ఒక పాదమే. మధ్యలో ఒకరు గంట కొడుతూంటే లెక్కపెట్టుకోవాలి. మరొకరు అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తూంటే నవ్వుతూ జవాబు చెప్పాలి. ఒక చుట్టు తిరిగి మొదటివారి దగ్గరికి వచ్చేసరికి రెండవ పాదం సిద్ధంగా ఉంటుంది! ఇందుకు ధారణ కావాలి, ఏళ్ల తరబడి అభ్యాసం కావాలి. కాని అవధాని గంటలు లెక్కిస్తున్నంతసేపూ ఆయన లోమనసు ఆ పద్యాన్ని వదిలిపెట్టదని నా నమ్మకం.

అయితే లోమనసు ఉత్త చేతులతో ఏదీ పుట్టించలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులుగారి (1914–1990) చిన్నతనం పెనుగొండలో గడిచింది. అక్కడ ఆయన సంగీతమూ, నాట్యమూ నేర్చుకున్నారు. తరువాత ప్రొద్దుటూరులో చాలాకాలం ఉన్నారు. అక్కడి అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ 'శివతాండవం' అల్లారని ప్రసిద్ధి. ఆ కావ్యాన్ని కళ్లతో చదివితే చాలదు, ఎవరిచేతనైనా పాడించుకుని వినండి. తాళం వినిపిస్తుంది, అడుగు కదులుతుంది. చిన్ననాడు కాళ్లు నేర్చిన అడుగులు పెద్దయ్యాక మాటలై బయటికి వచ్చాయి. అంతకాలమూ అవి ఎక్కడ దాగున్నాయి?

ప్రదక్షిణ అంటే నడకే కదా! 2014లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ నడక సంగతి పరీక్షించారు. మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమంటే, కూర్చున్నప్పటికంటే నడిచేటప్పుడు మనుషులకు ఎక్కువగా తోచాయి. కాని ఒకే ఒక జవాబు ఉన్న ప్రశ్నలకు నడక పనికిరాలేదు. కనుక ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడు వీధిలోకి పరుగెత్తకండి!

స్కాట్లండు రచయిత స్టీవెన్‌సన్‌కు ఒకే మనిషిలో ఉండే ఇద్దరు మనుషుల మీద కథ రాయాలని ఎంతో కాలంగా కోరిక. కథ తోచక రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. రెండవ రాత్రి కలలో కొన్ని ఘట్టాలు కనిపించాయి. 1886లో అచ్చయిన 'డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్' కథ అలా పుట్టింది. ఆ రెండు రోజుల అవస్థ లేకుండా ఆ కల వచ్చేదా?

లోపల నిజంగా పని సాగుతుందా, లేక కాస్త విశ్రాంతి దొరికి, పట్టుకున్న తప్పుదారి మరిచిపోవడంవల్ల సరైన దారి కనిపిస్తుందా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మీ ఇంట్లో అమ్మకు ఆ వాదంతో పని లేదు. పాలు కాచి, తోడు వేసి, మూత పెడుతుంది. గంటకొకసారి మూత తీసి కదిపితే పెరుగు తోడుకోదని ఆమెకు తెలుసు. తల్లిదండ్రులు కూడా దీన్ని గమనించాలి. పిల్లవాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నంత మాత్రాన సోమరి కాడు.

నేను పులివెందులలో పనిచేసే రోజుల్లో 'వాన' మీద వ్యాసం రాయమంటే, ఒక కుర్రవాడు గంటసేపూ కలం కొరుకుతూ కూర్చున్నాడు. ఒక్క అక్షరం పడలేదు. "తనకు రాయడం రాదు సార్!" అని పక్కవాళ్లు నవ్వారు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంటికి పోయి ఆడుకో, రేపు చూద్దాం," అన్నాను.

మరునాడు వ్యాసం తెచ్చాడు. అందులో వాన లేదు. వాడిపోతున్న చెనిక్కాయ చేలో నిలబడి వాళ్ల నాయన ఆకాశంకేసి చూడడం ఉంది. ఎనుములకు మేత వేస్తూంటే తోచిందట. మరిచిపోతానేమోనని భయపడి, కాగితం దొరకక, మొదటి వాక్యాన్ని కొట్టం గోడమీద బొగ్గుతో రాసుకున్నాడు. అందుకు వాళ్లమ్మ చేత తిట్లు కూడా తిన్నాడు.