మురుకుల గొట్టంలోంచి వంతెన!

పిండిని గొట్టంలో పెట్టి ఒత్తితే మురుకులొస్తాయి. మరి కాంక్రీటును ఒత్తితే? ఏకంగా వంతెనే వస్తుంది! నమ్మబుద్ధి కావడం లేదా? అయితే సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఇంజినీర్ల కృషి గురించి తెలుసుకోవాల్సిందే.

అక్కడి సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ కె.వి.ఎల్. సుబ్రమణ్యం బృందం, సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ సంస్థతో కలిసి 2023లో త్రీడీ ప్రింటింగ్‌తో ఓ కాలినడక వంతెనను రూపొందించింది. సిద్దిపేటలోని చర్విత మెడోస్‌లో ఏర్పాటైన దీని పొడవు 7.5 మీటర్లు. ఈ పద్ధతిలో మనదేశంలో తయారైన మొదటి నమూనా వంతెన ఇదే.

మామూలుగా అయితే సెంట్రింగ్ కొట్టి, అందులో కాంక్రీటు పోయాలి. చెక్కలకు అనువుగా ఉంటుందని అంతా దిమ్మల్లా కట్టేస్తాం. బరువు పడని చోటా అంతే సిమెంటు. ప్రింటింగ్‌లో ఆ బాధ లేదు. కంప్యూటర్ చెప్పినట్టు మర చెయ్యి పొర మీద పొర పేరుస్తుంది. బరువు ఏ దారిన నేలకు దిగుతుందో ఆ దారిలోనే కాంక్రీటు ఉంటే చాలు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే. కాబట్టి మిగిలే ప్రతి బస్తా లెక్కలోకి వస్తుంది.

నిజానికి ఈ కిటుకు కొత్తదేం కాదు. 1578లో మూసీపై కట్టిన పురానాపూల్‌ను నిలబెట్టింది కమాను ఆకారమే. 2021లో వెనిస్‌లో ప్రదర్శించిన ‘స్ట్రైటస్’ వంతెననూ ప్రింట్ చేసిన కాంక్రీటు దిమ్మలతో, చువ్వలు లేకుండా కమానులా పేర్చారు. అయితే ఒక మెలిక ఉంది. గొట్టంలోంచి జారే మిశ్రమంలో సాధారణంగా సిమెంటు పాలు ఎక్కువ. ఆకారంలో పొదుపు చేయకపోతే ప్రింట్ చేసీ లాభం లేదు.

మరి ఇది పటాన్‌చెరుకు పనికొస్తుందా? హైవే దాటడానికి 7.5 మీటర్లు ఎటూ సరిపోవు. పైగా లారీల కోసం 5.5 మీటర్ల ఎత్తు వదలాలి. మీటరు ఎత్తుకు 12 మీటర్ల చొప్పున ర్యాంపు వేస్తే 66 మీటర్లు నడవాలి! షిఫ్టు దిగి అలసిపోయిన కార్మికుడు అంత చుట్టు తిరుగుతాడా? డివైడర్ దూకడానికే చూస్తాడు. అదే కాలనీల మధ్య నాలాల మీదైతే ఎత్తు అక్కర్లేదు. బడికెళ్లే పిల్లలు, కర్ర పట్టుకున్న తాతలు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు సమంగా దాటేయొచ్చు.

ఎంత తక్కువ సిమెంటుతో కట్టినా జనం ఎక్కని వంతెన దండగే. నలుగురూ నడిచినప్పుడే అది పర్యావరణానికి మేలు చేసినట్టు!